‘ఖానా హువా?’ అంటే ఏం చెప్పాలి?

ప్రశ్న: అక్కా! మాది తణుకు. నాకు నలభై ఆరేళ్లు. మావారికి బదిలీ అయ్యాక రెండున్నరేళ్ల కిందట సికింద్రాబాద్ వచ్చి, మౌలాలి దగ్గర అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ కొనుక్కున్నాం. ఇద్దరి పేరు మీదా రిజిస్టర్ అయింది. మొత్తం ముప్పై ఆరు ఫ్లాట్లు. పక్కింట్లో ఉర్దూ మాట్లాడే ముస్లిం కుటుంబం, ఎదురుగా కేరళ నర్సమ్మ, కింద ఒడియా వాళ్లు, రెండో అంతస్తులో రైల్వేలో రిటైరైన తమిళ దంపతులు, డాబా మీది గదుల్లో ఫాల్స్ సీలింగ్ పని చేసే బిహార్ కుర్రాళ్లు. తెలుగువాళ్లు ఓ పదిళ్ల వాళ్లున్నా పొద్దున పోతే రాత్రికి గానీ రారు. తణుకులో మా వీధిలో ఎవరింట్లో పోపు పడినా ఏం కూరో చెప్పేసేదాన్ని. ఇక్కడ ఎవరితోనూ పరిచయం లేదు. పక్కింటావిడ లిఫ్టులో కనిపించినప్పుడల్లా ‘ఖానా హువా?’ అంటుంది. మేం తిన్నామో లేదో ఆవిడకెందుకని తలూపి ఫోన్ చూసుకుంటాను. నా హిందీ వింటే మా పిల్లలే నవ్వుతారు. సంక్రాంతికి పేరంటం పెడితే నలుగురే వచ్చారు. మేం మాంసం తినం. బక్రీద్‌కి వాళ్లేమైనా పంపితే ఏం చేయాలో తెలియక, ఆ రోజు తాళం వేసి మా చెల్లెలింటికి వెళ్లిపోయాను. పోయిన నెల అసోసియేషన్ మీటింగులో ఒకాయన లేచి, ఇకమీదట ‘ఆ మతం వాళ్లకు’ అద్దెకివ్వొద్దు, బ్యాచిలర్లను కూడా ఖాళీ చేయించాలి అన్నాడు. ఎవరూ నోరెత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మావారేమో ‘మనకెందుకు, తలుపేసుకుంటే మనిల్లు మనది’ అంటారు. ఇంతమంది బయటివాళ్లతో ఎలా కలవాలి? అసలు కలవాలా?

సమాధానం: తణుకు చెల్లెమ్మా,

పేరు వేయొద్దన్నారు కాబట్టి ఇలాగే పిలుస్తాను. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి జాలేసింది. రెండోసారి కొంచెం నవ్వొచ్చింది, ఏమనుకోకండి. ఎవరితోనూ పరిచయం లేదంటూనే, పక్కింటావిడ రెండున్నరేళ్లుగా వదలకుండా పలకరిస్తోందని మీరే రాశారు. ఇన్నాళ్లు జవాబు రాకపోయినా మానలేదంటే ఆవిడ ఓపికకు దణ్ణం పెట్టాలి. నేనైతే ఆరు నెలలకే ‘ఈవిడకు పొగరు’ అనుకుని ఊరుకునేదాన్ని.

మీ ఊళ్లో మధ్యాహ్నం రెండింటికి వీధిలో ఎదురైన పెద్దావిడ ‘భోజనాలయ్యాయా అమ్మాయ్’ అంటే ఏం చేస్తారు? ఏం కూర వండారో, చారు ఎలా కుదిరిందో చెబుతారా? ‘ఆఁ, అయ్యాయండి, మీవో?’ అని నడుస్తూనే అనేస్తారు. ఇదీ అంతే. ‘హౌ, హువా. ఆప్‌కా?’ అనండి చాలు. ‘హాఁ’ అన్నా తప్పు లేదు గానీ, ‘హౌ’ అంటే ఆవిడ మొహం ఎలా విప్పారుతుందో చూడండి. హైదరాబాదీ ఉర్దూలో అవునంటే ‘హౌ’, వద్దంటే ‘నక్కో’.

పిల్లలు నవ్వుతున్నారన్నారు. వాళ్లకు తెలిసింది బడి పుస్తకం హిందీ. మీ పక్కింటావిడ కూడా ఆ పుస్తకంలా మాట్లాడదు. ఆవిడ మాట్లాడే దక్కనీ వందల ఏళ్లుగా తెలుగు, మరాఠీ, కన్నడాల మధ్య పెరిగిన భాష. ‘నక్కో’ మరాఠీ వాళ్లిచ్చిందే. ‘వస్తానని చెప్పాడు’ అనాలంటే ఢిల్లీ వైపు వాళ్లు ముందు ‘చెప్పాడు’ అనేసి, ఏం చెప్పాడో తర్వాత అంటారు. ఇక్కడివాళ్లు ‘ఆతుఁ బోల్‌కే బోలా’ అంటారు. వస్తాను, అని, చెప్పాడు. అచ్చం మన వరసే! అంటే ఆ భాష సగం దూరం మీ వైపు ఎప్పుడో నడిచొచ్చేసింది. మిగతా సగం మీరు తప్పటడుగులు వేస్తూ వెళ్లినా ఎవరూ ఏమీ అనుకోరు. ఆడ, మగ తేడాల దగ్గర బడి హిందీ అంత పట్టింపు కూడా ఉండదు. నేను పాతికేళ్లుగా తప్పుల తడకగానే మాట్లాడుతున్నాను, కూరగాయల వాడి దగ్గర ఒక్క రూపాయి కూడా నష్టపోలేదు.

ఇక ‘బయటివాళ్లు’ అన్న మాట. దాని దగ్గర కాసేపు ఆగాలి. ఆ రెండో అంతస్తు తమిళ దంపతులను, మీవాళ్లు ఎప్పుడొచ్చారని ఒకసారి అడిగి చూడండి. సికింద్రాబాద్ కంటోన్మెంట్ 1806లో పుట్టింది. మద్రాసు వైపు నుంచి పటాలాలతో పాటు వచ్చిన వాళ్లలో చాలామంది ఇక్కడే ఉండిపోయారు. 1874లో కర్ణాటక వైపున్న ‘వాడి’ జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు రైలు పడింది. లాలాగూడ వర్క్‌షాపు 1893 నాటిది. మౌలాలి, లాలాగూడ, మల్కాజిగిరి చుట్టుపక్కల రైల్వే కుటుంబాల్లో మూడు నాలుగు తరాలుగా ఈ నీళ్లే తాగుతున్న తమిళులు, మలయాళీలు, ఆంగ్లో ఇండియన్లు ఉన్నారు. మీ పక్కింటివాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ లెక్కన ఆ బిల్డింగులో బయటి నుంచి వచ్చింది ఎవరంటే, మీరు. నేనూ అంతే, 1998లో నెల్లూరు నుంచి రెండు పెట్టెలు, ఒక ఆవకాయ జాడీతో దిగినదాన్నే. కొత్తగా వచ్చినవాళ్లే ముందు పలకరించాలని మన ఊళ్లలోనూ ఉంది కదా.

పేరంటానికి నలుగురే వచ్చారన్నారు. ఎంతమందిని పిలిచారో రాయలేదు. నేను చేసిన పని చెబుతాను, మీదీ అదేనేమో చూసుకోండి. మా మొదటి అపార్ట్‌మెంట్‌లో సంక్రాంతికి కుంకుమ భరిణె పట్టుకుని పిలుపులకు బయల్దేరాను. ఇరవై నాలుగు తలుపులుంటే పద్నాలుగే కొట్టాను. ముస్లింల ఇల్లు దాటేశాను, బొట్టు పెట్టించుకోరు కదా అని. చర్చికి వెళ్లేవాళ్ల ఇల్లు కూడా అందుకే దాటేశాను. మూడో అంతస్తులో భర్త పోయిన టీచరమ్మ ఇల్లు ఎందుకు దాటేశానో మీకు చెప్పనక్కర్లేదు. సాయంత్రం ఆవిడ మెట్ల మీద ఎదురై, ‘మీ ఇంట్లో సందడిగా ఉందే!’ అని నవ్వి వెళ్లిపోయింది. ఆ నవ్వు నాకిప్పటికీ గుచ్చుకుంటుంది. పేరంటాన్ని మానేయమనను, తాంబూలం మీద నాకూ మోజే. కానీ అది జల్లెడ. ఎవరు మిగలాలో ముందే తేల్చుకుని పిలిచే పిలుపు కొత్త పరిచయాలకు పనికిరాదు. మరుసటేడు బొమ్మల కొలువు పెట్టి, పిల్లలున్న ఇళ్లన్నిటికీ ‘బొమ్మలు చూడ్డానికి పంపండి’ అని చెప్పాను. కింది ఫ్లాట్ పాప ఒక ఆకుపచ్చ ప్లాస్టిక్ డైనోసార్ పట్టుకొచ్చి సీతారాముల పక్కన నిలబెట్టింది. మా అత్తగారు గుడ్లురిమి చూశారు. నేను తీయలేదు. మూడు రోజులూ అది అక్కడే కాపలా కాసింది. ఆ పాపను వెతుక్కుంటూ వాళ్లమ్మ వచ్చింది, వాళ్లమ్మను వెతుక్కుంటూ టీచరమ్మ వచ్చింది.

అన్నట్టు, ముందు ఏదో ఒకటి చేసి పంపాలని మనకో అలవాటు. పులిహోర పంపితే అవతలివాళ్లకు బాకీ. గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు కాబట్టి వాళ్లకు టెన్షన్ కూడా. అందుకని నేను అడగడంతోనే మొదలుపెడతాను. కరివేపాకు రెబ్బ, ఇస్త్రీ అతని నంబరు, ఒక పూటకి స్టూలు. అప్పుడు బాకీ మన మీద ఉంటుంది, అవతలివాళ్లకు కాస్త చేయి పైనున్నట్టు ఉంటుంది. మీ ఎదురింటి నర్సమ్మను మాత్రం మందుల గురించి అడగకండి. డ్యూటీ దిగొచ్చాక కూడా అదే గోలంటే ఆవిడ తలుపే తీయదు. కొబ్బరి కోరాం అడగండి. కేరళ ఇంట్లో అది లేకుండా ఉండదు, గోదావరి వాళ్లకు దాని అవసరం రాకుండానూ ఉండదు.

అయితే లిఫ్టు పలకరింపులూ కరివేపాకులూ ఒక హద్దు వరకే. మనుషుల్ని ఆ హద్దు దాటించేది ఉమ్మడి పని. నాకిది 2021లో బాగా తెలిసొచ్చింది. ఆ జనవరిలో హైదరాబాద్‌లో ఇంటికి నెలకు 20,000 లీటర్ల ఉచిత నీటి పథకం మొదలైంది. అపార్ట్‌మెంట్లలో అయితే ప్రతి ఫ్లాట్ వాళ్లూ ఆధార్‌తో పాటు ఆస్తి పన్ను నంబరు కూడా ఇచ్చి, బిల్డింగు నీటి కనెక్షన్ నంబరుకు కలిపించుకోవాలి. మా సెక్రటరీ గారికి మోకాళ్ల నొప్పులు. ఆ కాగితాల పని నా నెత్తిన పడింది. ఇరవై ఎనిమిది ఫ్లాట్లు, ఒక రూళ్ల నోటుబుక్కు, తాడుతో కట్టిన పెన్ను. ఒక సింధీ మామ్మగారు ఆధార్ కార్డు చూపించడానికి నన్ను అయిదుసార్లు తిప్పారు, అయిదోసారి కార్డుతో పాటు అప్పడం కూడా ఇచ్చారు. టైలరింగ్ చేసే ఒక ముస్లిం అమ్మాయి ఇంటి పన్ను ఇంకా పాత ఓనరు పేరు మీదే వస్తోంది, మ్యుటేషన్ కాలేదు. పై అంతస్తు పంజాబీ అంకుల్‌కి ఆ ఆఫీసు మెట్లన్నీ కంఠతా. ఆయన ముందు, ఆ అమ్మాయి వెనక, మధ్యలో నేను, ముగ్గురం నాలుగు రోజులు తిరిగాం. నెల గడిచేసరికి ఇరవై ఎనిమిది ఇళ్ల హాలు గోడల రంగులు నాకు నోటికొచ్చేశాయి. ఏ పండుగా అంత పని చేయలేదు.

దీన్ని నా సొంత పైత్యం అనుకుంటారేమో. అశుతోష్ వార్ష్ణేయ్ అని ఒక రాజనీతి శాస్త్రవేత్త ఉన్నారు. కొన్ని ఊళ్లలో హిందూ ముస్లిం గొడవలు పదేపదే ఎందుకు వస్తాయి, అలాంటివే మరికొన్ని ఊళ్లలో ఎందుకు రావు అని జంటలు జంటలుగా పోల్చి చూశారు. గొడవలొచ్చే ఉత్తరప్రదేశ్ అలీగఢ్‌కి అంతగా రాని కేరళ కాలికట్ జత, అలాగే మన హైదరాబాద్‌కి లక్నో జత. 2002లో అచ్చయింది ఆ పని. కాలికట్‌లో దాదాపు 83 శాతం మంది రెండు మతాల వాళ్లతో తరచూ కలిసి భోంచేస్తామన్నారు, అలీగఢ్‌లో 54 శాతమే. పిల్లలు కలిసి ఆడుకుంటారన్నవాళ్లు కాలికట్‌లో 90 శాతం, అలీగఢ్‌లో 42. అయితే ఆయన అక్కడితో ఆగలేదు. పల్లెటూళ్లో ఒకరినొకరు ఎరిగి ఉండటమే సరిపోవచ్చు గానీ, నగరం పెద్దది, ఇక్కడ పుకారు మనిషి కన్నా ముందు పరుగెడుతుంది, అలాంటప్పుడు వీధి పలకరింపులు నిలబడవు అన్నారు. నిలబెట్టేవి వర్తక సంఘాలు, యూనియన్లు, క్లబ్బులు. రెండు వైపుల వాళ్లూ ఒకే లెక్కల పుస్తకం మీద సంతకం పెట్టే చోట్లు. లక్నోలో గుడ్డ మీద దారంతో కుట్టే ‘చికన్’ ఎంబ్రాయిడరీ ఉంది చూడండి, వ్యాపారులు ఎక్కువగా హిందువులు, కుట్టేవాళ్లు ఎక్కువగా ముస్లింలు. గొడవ జరిగితే రెండిళ్లలోనూ పొయ్యి వెలగదు. 1990 డిసెంబరు మతఘర్షణల్లో మన పాతబస్తీ ఎలా తగలబడిందో చూసినవాళ్లకు, పలకరింపులొక్కటే చాలవన్న ఆ మాట కొత్తగా ఏమీ అనిపించదు.

మీ అపార్ట్‌మెంట్‌లో చికన్ వర్క్ లేదు. అసోసియేషన్ ఉంది. ఎండాకాలం ట్యాంకర్ల లెక్క, తడి చెత్త పొడి చెత్త, లిఫ్టు కాంట్రాక్టు, వాచ్‌మన్ జీతం, ఇవన్నీ ఉన్నాయి. అందులో అందరూ తప్పించుకు తిరిగే పని ఒకటి పట్టుకోండి. పదవి అక్కర్లేదు. ట్యాంకర్ల పుస్తకం నేను రాస్తానంటే వద్దనేవాళ్లు భూమ్మీద లేరు. ఏ రోజు ఎన్ని వచ్చాయి, ఎంత ఇచ్చాం, సంతకం. ఆ పుస్తకం మీ చేతిలో ఉందని తెలిస్తే ఒడియా ఇంటాయన నీళ్లు రాలేదని మీ తలుపే కొడతాడు. మీరు పరిచయాల కోసం వెతుక్కోవాల్సిన పని ఉండదు, వాళ్లే ఫిర్యాదులు పట్టుకుని వస్తారు. ఫిర్యాదు కన్నా మంచి పరిచయం నేను చూడలేదు. అందులో మొహమాటం ఉండదు.

ఇప్పుడు మీకు నిద్ర పట్టనివ్వని సంగతి. మీటింగులో నోరెత్తలేదని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. అక్కడ కూర్చున్నవాళ్లలో ఇంకో అయిదారుగురికైనా ఆ రాత్రి నిద్ర పట్టి ఉండదు. ఎవరికి వాళ్లు తాము ఒక్కరే అనుకుని ఉంటారు. ఆ మాట అన్నాయన బలం అంతా ఆ మౌనంలోనే ఉంది. వచ్చే మీటింగుకు రెండు రోజుల ముందు తమిళ దంపతుల ఇంటికి వెళ్లండి, తర్వాత నర్సమ్మ ఇంటికి, తర్వాత మీకు కాస్త ముఖపరిచయం ఉన్న తెలుగింటికి. ‘పోయినసారి ఆ మాట నాకు నచ్చలేదండీ, మీకెలా అనిపించింది?’ అనండి. ముగ్గురు దొరికితే చాలు.

మీటింగులో ఉపన్యాసం వద్దు. సామరస్యం, సౌభ్రాతృత్వం అని మొదలెడితే అందరూ వాచీలు చూసుకుంటారు. ‘ఎవరు ప్రతిపాదించారో పేరుతో సహా మినిట్స్‌లో రాయండి’ అనండి. ‘ఇలా మార్చొచ్చని బైలాస్‌లో ఎక్కడుందో చూపించండి’ అనండి. నాలుగు కుర్చీల్లో కూర్చుని అనే మాట ఒకటి, కాగితం మీద సంతకం పెట్టే మాట ఇంకొకటి. చాలామంది రెండోదానికి జంకుతారు. ఫ్లాట్ ఇద్దరి పేరు మీదా ఉందన్నారు కాబట్టి, అక్కడ మీరు భర్త వెంట వచ్చిన ఇల్లాలు కారు, ఓనరు.

నిజంగా అద్దెవాళ్లతో ఇబ్బందులుంటే వాటికి రూల్ పెట్టుకోవచ్చు. రాత్రి పదకొండు తర్వాత డ్రిల్లింగు వద్దు, బండి గీత దాటి పెట్టొద్దు, మెయింటెనెన్స్ పదో తారీఖు లోపు కట్టాలి. ఈ రూల్ అందరికీ ఒక్కటే, ఎవరి దేవుడెవరో దానికి పట్టదు. మా దగ్గరా ఒకసారి ఇలాంటి మాటే లేచింది. ట్రెజరర్‌గా ఉన్న రిటైర్డ్ హెడ్మాస్టర్ గారు ఏమీ అనకుండా కళ్లజోడు పెట్టుకుని, ‘సరే, ముందు బకాయిల జాబితా చదువుతాను’ అన్నారు. మాట లేవదీసినాయన పేరు పైనుంచి రెండోది. ఆ అజెండా అక్కడితో సరి.

డాబా మీది కుర్రాళ్లంటే మీకు కాస్త భయం ఉన్నట్టుంది. రాయలేదు గానీ, అందరి గురించీ ఒక్కో మాట రాసి వాళ్ల దగ్గర ఆగిపోయారు. అందరూ మగపిల్లలు, వేళాపాళా లేని రాకపోకలు, భయం సహజమే. 2020 లాక్‌డౌన్‌లో వలస కూలీలను సొంతూళ్లకు చేర్చే శ్రామిక్ రైళ్లలో దేశంలోనే మొట్టమొదటిది మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు కదిలింది. అంతవరకూ మన డాబాల మీద, సెల్లార్లలో ఎంతమంది ఉంటున్నారో మనకు లెక్కే లేదు. వాళ్లు మూటలు సర్దుకుని వెళ్తుంటే ‘అయ్యో, ఈ అబ్బాయి మన బిల్డింగేనా!’ అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. మా మరిదిగారు, అంటే మీవారు, పక్కనున్నప్పుడే ఒకసారి ఆగి, పేర్లు, ఊర్లు అడగండి. రాత్రి చప్పుడు ఎక్కువైతే వాచ్‌మన్‌తో కబురు పంపకండి. కబురు దారిలో పెరిగి తిట్టుగా మారుతుంది. నేరుగా ‘భయ్యా, పదిన్నర తర్వాత కాస్త మెల్లగా’ అంటే సరిపోతుంది. దీపావళి వెళ్లిన ఆరో రోజు వాళ్లకు ఛఠ్, సూర్యుడికి చేసే పండుగ. ఆ రోజుల్లో మెట్ల మీద నెయ్యి వాసన వస్తే అది ఠేకువా. గోధుమపిండి, బెల్లం, మన బెల్లం బిస్కెట్ల లాంటివి. మీకు పెడితే తీసుకోండి. ఇంకో మాట, బిల్డింగు వాట్సాప్ గ్రూపులో వాళ్లున్నారా? ఓనర్లు మాత్రమే ఉండే గ్రూపుల్లో ‘రేపు నీళ్లు రావు’ అన్న సంగతి నీళ్లు పట్టుకోవాల్సినవాళ్లకే తెలియదు. ఒక్క నంబరైనా చేర్పించండి.

బక్రీద్ సంగతికొద్దాం. తాళం వేసుకుని వెళ్లిపోయారు, సరే. ఆవిడ గిన్నె పట్టుకుని మీ తలుపు దాకా వచ్చి తాళం చూసి వెనక్కి వెళ్లి ఉంటే? ఖుర్బానీలో ఒక వంతు ఇంటికి, ఒక వంతు బంధుమిత్రులకు, ఒక వంతు పేదవాళ్లకు అని వాళ్ల లెక్క. పంచుకోవడం ఆ పండుగలోనే ఉంది, మిమ్మల్ని ఇరుకున పెట్టాలని ఎవరూ పంపరు. శాకాహారులన్న మాట పండుగకు వారం ముందు మామూలుగా లిఫ్టులో చెప్పేయండి. ‘హమ్ గోష్ నై ఖాతే, మీఠా భేజో’ (మేం మాంసం తినం, తీపి పంపండి) అంటే సరి. హైదరాబాదీలకు ఇది కొత్త కాదు, ఏ ఇంట్లో ఏం తింటారో తెలుసుకుని పంపేవాళ్లే ఎక్కువ. తీసుకుని వెనక నుంచి పనిమనిషికి ఇచ్చేయడం మాత్రం వద్దు. ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది, అప్పుడు వద్దన్న దానికన్నా పదింతలు బాధపడతారు. రంజాన్‌కి ఏ చిక్కూ లేదు. షీర్ ఖుర్మా అంటే పాలు, సేమ్యా, ఖర్జూరాలు, జీడిపప్పు. మన పాయసానికి పెద్దింటి చుట్టం.

అందరితోనూ ప్రాణస్నేహం కుదరదని కూడా చెప్పాలి. ముప్పై ఆరు ఇళ్లలో నలుగురైదుగురు ఎప్పటికీ తలెత్తి చూడరు. వాళ్ల కష్టాలేవో వాళ్లకుంటాయి, లేదా స్వభావమే అంత. వాళ్లను వదిలేయండి. మీరు మాత్రం మన ఊరి అలవాటు ఒకటి తణుకులోనే వదిలేసి రావాలి. ‘మీరేమిట్లు?’ అని కులం ఆరా తీసే ప్రశ్న. దానితో పాటు ‘జీతమెంత?’, ‘ఇంకా పిల్లల్లేరా?’ కూడా. మన దగ్గర ఇవి మాట కలపడానికి అడుగుతాం, ఇక్కడ వీటితోనే మాట తెగుతుంది. (నిజం చెప్పాలంటే అక్కడా తెగుతుంది, పైకి అనరంతే.)

మరిదిగారు ‘తలుపేసుకుంటే మనిల్లు మనది’ అన్నారట. తలుపు వరకూ నిజమే. నీళ్ల ట్యాంకు, లిఫ్టు, మెట్లు, డ్రైనేజీ తలుపు బయటే ఉన్నాయి మరి. రాత్రి రెండింటికి ఆయనకు గుండెల్లో మంటగా ఉంటే చెల్లెలింటికి ఫోన్ చేసి, ఆవిడ బయల్దేరి వచ్చేలోపు కొట్టాల్సింది ఎదురింటి తలుపే, అక్కడుంది నర్సు. ఆయనతో వాదించకండి. కార్ పార్కింగ్ గీతలు మళ్లీ వేయించే పని ఆయనకు అప్పగించేయండి. మగవాళ్లు పార్కింగు దగ్గర కలిసినంత బాగా పెళ్లిళ్లలో కూడా కలవరు.

మీరు మౌలాలిలో ఉంటూ ఆ కొండ ఎక్కారో లేదో రాయలేదు. రజబ్ నెలలో ఉర్సు జరిగినప్పుడు దారంతా జనం, ట్రాఫిక్ అని విసుక్కునే ఉంటారు. కుతుబ్‌షాహీల కాలం నుంచి ఉన్న దర్గా అది. ఎక్కేవాళ్లలో బొట్టు పెట్టుకున్నవాళ్లూ కనిపిస్తారు. కొండ కింద మహ్ లఖా బాయి సమాధి ఉంది. 1824లో పోయారు, ఉర్దూలో గజళ్లు రాసిన కవయిత్రి. చుట్టూ ప్రహరీతో ప్రశాంతంగా ఉంటుంది. ఒక ఆదివారం పొద్దున్నే చూపించమని పక్కింటావిడను అడగండి. ఇందాక చెప్పాను కదా, అడగడంతో మొదలుపెట్టాలని. తన ఊరిని చూపించమంటే కాదనే మనిషి ఉండదు.

ఈసారి పుట్టింటికి వెళ్లినప్పుడు ఆత్రేయపురం పూతరేకులు ఓ రెండు డబ్బాలు ఎక్కువ తెండి. మీకు దగ్గరే కదా, పైగా 2023లో ఫలానా ఊరి సరుకని చెప్పే జీఐ గుర్తింపు కూడా వచ్చింది. బెల్లం, నెయ్యి, బియ్యప్పిండి రేకు, ఏ ఇంట్లోనూ అభ్యంతరం ఉండదు. ఒక్క జాగ్రత్త. నేను మొదటిసారి మా పంజాబీ అంకుల్‌కి ఇచ్చినప్పుడు ఆయన సోఫాలో కూర్చుని, పొర తర్వాత పొర ఓపిగ్గా ఒలిచి, చిత్తుకాగితాల్లా పక్కన కుప్ప పోసి, చివరికి అరచేతిలో మిగిలిన కాస్త బెల్లం పొడి వైపు చూసి, ‘బేటీ, ప్యాకింగ్ చాలా బాగుంది, మిఠాయే కొంచెం తక్కువ’ అన్నారు. పక్కింటావిడకు ఇచ్చేటప్పుడు అది కాగితం కాదని ముందే చెప్పండి. హిందీలో రాకపోతే, ఒకటి మీరే నోట్లో వేసుకుని చూపించండి.